ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు: నా కంప్యూటర్‌తో పడ్డ పాట్లు

చివరికి ఏం తేలిందో ముందే చెప్పేస్తాను. ఇలాంటి టెన్షన్‌లోనే ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే వెంటనే పనికొస్తుంది. పోయింది మదర్‌బోర్డు (అన్ని భాగాలనూ కలిపే పెద్ద బోర్డు) కాదు, ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె. కొత్తదానికి నాకు 1,150 రూపాయలు అయింది. ఆ సంగతి తేలేలోపు ఒక షాపువాళ్ళు మొత్తం కొత్తది కొనుక్కోమన్నారు, నేనూ కొనేదాకా వెళ్ళాను.

మాది మలికిపురం దగ్గర పల్లె. ఇంట్లో కూర్చునే చుట్టుపక్కల షాపులవాళ్ళకి టాలీ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసిపెడుతుంటాను. మా ఆయన కువైట్‌లో ఉంటారు. ఇంట్లో నేను, అత్తయ్యగారు, మా బాబు. కంప్యూటర్ పాతదే. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, నాలుగు జీబీ ర్యామ్‌లు (మెమరీ పట్టీలు) రెండు, విండోస్ 10. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. టాలీకి అంతకంటే ఏం కావాలి?

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. మాకు గోదావరి అవతల ఒడ్డే కదా, ఆ రాత్రి ఎలా గడిచిందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. సాయంత్రమే కంప్యూటర్ ప్లగ్గులన్నీ పీకేసి, సీపీయూని మంచం మీద పెట్టి, దాని మీద పరదా కప్పాను. కరెంటు వచ్చాక కూడా రెండు రోజులు ఆగి, ఓల్టేజీ కుదురుకున్నాకే పెట్టాను. బాగానే పనిచేసింది. కాబట్టి ఆ తర్వాత జరిగినదానికి తుఫానే కారణమని నేను అనను, కాదనీ అనలేను.

నవంబర్ 5, కార్తీక పౌర్ణమి. అత్తయ్యగారు తెల్లవారుజామునే సముద్ర స్నానానికని వీధిలో ఆడవాళ్ళతో కలిసి అంతర్వేది వెళ్ళారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, అక్టోబర్ బిల్లులు ఎక్కించేద్దామని కూర్చున్నాను. పవర్ బటన్ నొక్కితే లైటు వెలిగింది, లోపల ఫ్యాన్ తిరిగింది. మానిటర్ మీద మాత్రం ‘నో సిగ్నల్’ అని వచ్చి, దాని లైటు నీలం నుంచి నారింజ రంగుకి మారిపోయింది. ఆపి మళ్ళీ వేసినా అంతే. కేబుల్ పీకి గట్టిగా బిగించి, స్క్రూలు తిప్పాను. అదే నలుపు.

అప్పుడు భయం వేసింది కంప్యూటర్ గురించి కాదు. సెప్టెంబర్ దాకా కాపీ పెన్ డ్రైవ్‌లో ఉంది. అక్టోబర్ ఎంట్రీలు మాత్రం ఆ హార్డ్ డిస్కులోనే ఉన్నాయి. జీఎస్‌టీఆర్-1, అంటే నెల అమ్మకాల రిటర్ను, వెయ్యడానికి ఆఖరు తేదీ 11. ఆ తేదీ దాటితే మా షాపుల దగ్గర కొన్నవాళ్ళకి 14న పోర్టల్‌లో వచ్చే 2బీలో (కొన్న బిల్లుల పట్టికలో) ఆ బిల్లులు కనిపించవు, కొన్నప్పుడు కట్టిన పన్నుకి వచ్చే క్రెడిట్ వచ్చే నెలకి పోతుంది. వాళ్ళు షాపువాళ్ళని అడుగుతారు, షాపువాళ్ళు నన్ను అడుగుతారు. ఫీజు తీసుకునేది నేనేగా మరి.

మా ఆయనకి ఫోన్ చేద్దామంటే మనకి ఆరున్నర అయితే అక్కడ నాలుగు. లేపబుద్ధి కాలేదు. సీపీయూ ఆపకుండా అలాగే వదిలేసి, వాకిట్లో దీపాలు పెట్టి, పాలు కాచి, బాబుని లేపి వచ్చేసరికి స్క్రీన్ మీద విండోస్ పాస్‌వర్డ్ అడుగుతోంది! నేను మళ్ళీ బటన్ నొక్కలేదు, ఇంకెవరూ ముట్టుకోలేదు. ఒళ్ళు జలదరించింది. కూర్చుని పని చేసుకున్నాను, సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ లేదు. ఎందుకు రాలేదో, ఎందుకు వచ్చిందో తెలియకపోతే మనసు ఆ పని మీద ఉండదు. కాపీ తీస్తుంటే మధ్యలో కరెంటు పోయింది, యూపీఎస్ బీప్‌మని ఒక్క నిమిషంలో ఆగిపోయింది. ఆ రోజుకి అక్కడితో సరి.

మర్నాడు పొద్దున మళ్ళీ నలుపే. ఈసారి మా ఆయన వీడియో కాల్‌లో ఉన్నారు. ఆయన అక్కడ చేసేది ఏసీ మెకానిక్ పని, ఇలాంటివాటిలో చెయ్యి తిరిగిన మనిషి. ఆయన చేయించిన పరీక్షలన్నీ ఎవరైనా ఇంట్లో చేసుకోగలిగినవే. మొదట మానిటర్ బటన్లలో మెనూ నొక్కమన్నారు. మెనూ తెర మీదికి వచ్చింది, అంటే మానిటర్ బతికే ఉంది. తర్వాత కీబోర్డ్ మీద క్యాప్స్ లాక్ నొక్కమన్నారు. లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ లోపల నడుస్తోంది, బొమ్మ మాత్రమే రావట్లేదని అర్థమట. నాకు ఎన్నిసార్లు నొక్కినా లైటు కదల్లేదు. అంటే అసలు మొదలే కావట్లేదు. అయినా అనుమానం తీరక, హెచ్‌డీఎంఐ కేబుల్ పొట్టిది కావడంతో సీపీయూని హాల్లోకి మోసుకెళ్ళి టీవీకి పెట్టి చూశాం. అత్తయ్యగారి భక్తి కార్యక్రమం ఆగిపోయింది తప్ప ఫలితం లేదు.

ఇక లోపలి సంగతి. ప్లగ్గు తీసేశాక పవర్ బటన్ ఓసారి నొక్కి పట్టుకుని, క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకి అప్పుడు విప్పమన్నారు. వెనక స్క్రూలు మా ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉన్నాయి, ఒకదాని తల అరిగిపోయింది. కొబ్బరినూనె చుక్క వేసి కాసేపు ఆగితే కదిలింది. లోపల బూజు, దుమ్ము, ఒక ఎండిపోయిన బల్లిపిల్ల. ర్యామ్‌కి రెండు చివర్లా ఉన్న క్లిప్పులు నొక్కితే అది టక్కున పైకి లేస్తుంది. కింద వరసగా బంగారం రంగు పళ్ళు ఉంటాయి. మావి మసకబారి ఉన్నాయి, ఒక చివర నాలుగైదు పళ్ళ మీద పాతబడ్డ రాగి చెంబుకి పట్టే ఆకుపచ్చ చిలుములాంటిది సన్నగా ఉంది. బాబు పెన్సిల్ రబ్బరుతో ఒకే వైపుకి మెల్లగా రుద్దితే రబ్బరు నల్లబడింది, పళ్ళు మెరిశాయి. పొట్టు స్లాటులో పడకుండా దూరంగా దులిపి, పొడి బ్రష్షుతో స్లాటు తుడిచి, ఒకటే ర్యామ్ పెట్టి రెండు క్లిప్పులూ వాటంతటవే బిగుసుకునేదాకా నొక్కాను. ఆన్ చేస్తే డిస్‌ప్లే వచ్చింది. రెండోదీ పెట్టాను. వచ్చింది. కువైట్‌లో ఆయన చప్పట్లు, ఇక్కడ బాబు గంతులు.

ఆ ఆనందం ఒక్క రోజే. 7వ తేదీ పొద్దున మళ్ళీ అదే నో సిగ్నల్. ముందు రోజు ర్యామ్ తియ్యకముందు పరీక్షల పేరుతో దాన్ని అరగంటకు పైగా ఆన్‌లో ఉంచాం. డిస్‌ప్లే రావడానికి కారణం రబ్బరు కాదు, ఆ అరగంట వేడి. కానీ ఆ మాట మాకు తట్టింది వారం తర్వాత, వేరే మనిషి చెబితే.

మధ్యలో ఇంకో అనుమానం పట్టుకుంది. మా చుట్టూ రొయ్యల చెరువులే. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుందని అందరూ ఏరేటర్లు ఆడిస్తారు, అప్పుడు ఓల్టేజీ పడిపోతుంది. ఫ్రిజ్ స్టెబిలైజర్ మీద చూస్తే పొద్దున ఆరింటికి 195, పదింటికి 225. కంప్యూటర్ మొరాయించేదీ పొద్దున్నే, దారికి వచ్చేదీ కాస్త పొద్దెక్కాకే. ఇదే అసలు కారణం అనుకుని ఒక పూట పదిన్నరకి ఆన్ చేశాం. ఓల్టేజీ నిండుగా ఉంది, డిస్‌ప్లే లేదు. ఆ కథ అక్కడితో ముగిసింది.

అదే రోజు ఆటోలో రాజోలు తీసుకెళ్ళి ఒక షాపులో ఇచ్చాను. కుర్రవాడు మర్యాదస్తుడే. “ఇక్కడ పెట్టి వెళ్ళండి మేడమ్, రేపు సాయంత్రం చెప్తాం” అన్నాడు. మర్నాడు సాయంత్రం వెళితే మదర్‌బోర్డు పోయిందన్నాడు. ఎస్ఎంపీఎస్ చూశారా అని అడిగాను, మా ఆయన అడగమన్నారు కాబట్టి. నా ముందే పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరుకీ నల్ల వైరుకీ మధ్య చిన్న తీగ పెట్టాడు, ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ గిర్రున తిరిగింది. “చూశారుగా, ఇది ఓకే” అన్నాడు. ఈ బోర్డు కొత్తది దొరకదు, పాతది దొరికితే 3,800, దానికి గ్యారంటీ ఇవ్వలేం అన్నాడు. దానికంటే 24,000 పెడితే కొత్త సెట్టు వస్తుంది, ఎలాగూ విండోస్ 10 సపోర్ట్ అక్టోబర్ 14తో అయిపోయింది, మీ ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు అని కూడా చెప్పాడు. ఆ చివరి మాట నిజమే. అందుకే అతను మోసం చేస్తున్నాడని నాకు అనిపించలేదు, ఇప్పటికీ అనుకోను. చెకింగ్ చార్జీ 300 ఇచ్చి సీపీయూ తెచ్చేసుకున్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. 24,000 అంటే నాకు కొన్ని నెలల సంపాదన. అత్తయ్యగారు మాత్రం దసరాకి క్యాబినెట్‌కి పెట్టిన కుంకుమ బొట్టు వంక చూస్తూ “దాన్ని అలా వదిలేయకమ్మా, ఇంకొకరికి చూపించు” అన్నారు.

ముందు 11వ తేదీ గండం గట్టెక్కాలి. మా పిన్ని కొడుకు రాజోలులో ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తాడు. “అక్కా, కంప్యూటర్ పోతే హార్డ్ డిస్కు పోయినట్టు కాదు. అదొక్కటీ విప్పి పట్టుకురా” అన్నాడు. ప్లగ్గు తీసి, డిస్కుకి ఉన్న రెండు కేబుళ్ళు లాగి, పక్కన స్క్రూలు విప్పితే చేతిలోకి వచ్చేసింది. పాత తువ్వాలులో చుట్టి 10వ తేదీన వాళ్ళ ఆఫీసుకి పట్టుకెళ్ళాను. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, తెలియక చాలామంది డిస్కు పోయిందనుకుంటారు. ల్యాప్‌టాప్ డిస్కులకి వాడే సన్నటి యూఎస్‌బీ కేబుల్ పెడితే మా డిస్కు కనీసం తిరగలేదు. డెస్క్‌టాప్ డిస్కు పెద్దది, దానికి 12 ఓల్టుల కరెంటు విడిగా కావాలి, యూఎస్‌బీ ఇచ్చేది 5 ఓల్టులే. అడాప్టర్‌తో వచ్చే కన్వర్టర్ 750 పెట్టి కొన్నాక జుయ్‌మని తిరిగింది, డ్రైవ్ కనిపించింది. నా పేరుతో ఉన్న ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదని వచ్చింది, కంటిన్యూ నొక్కితే కాసేపటికి తెరుచుకుంది. టాలీ డేటా ఫోల్డర్ కాపీ చేసి వాళ్ళ టాలీలో తెరిచాడు తమ్ముడు. అక్టోబర్ 31 బిల్లు దాకా అన్నీ ఉన్నాయి.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తమ్ముడు చూడకుండా డిస్కుని మళ్ళీ తువ్వాలులో చుట్టే పనిలో పడ్డాను. 11న సాయంత్రానికి అందరివీ వేసేశాను. ఆఫీసులో ఒక మూల కుర్చీ ఇచ్చి, రెండు పూటలా టీ ఇప్పించిన ఆడిటర్ గారికి ఏమీ ఇవ్వలేకపోయాను. కార్తీక మాసం వన భోజనాలకి బొబ్బట్లు చేసి పంపాను.

ఇక తొందర లేదు కాబట్టి నిదానంగా కనుక్కున్నాను. అమలాపురంలో ఒక పెద్దాయన ఉన్నారని, ఒకప్పుడు టీవీలు బాగుచేసేవారని, బోర్డు మీద చెయ్యి పెడితే తేల్చేస్తారని తమ్ముడే చెప్పాడు. 13న ఇద్దరం అతని బండి మీద వెళ్ళాం, సీపీయూ దుప్పట్లో చుట్టి నా ఒళ్ళో. బోడసకుర్రు బ్రిడ్జి మీద గాలికి దుప్పటి ఎగిరిపోతుంటే బండి ఆపి తాడుతో కట్టాల్సి వచ్చింది.

ఆయన షాపు అంటే ఒక సందులో చిన్న గది. విషయం మొత్తం చెప్పనిచ్చారు. ‘ఆన్ చేసి వదిలేస్తే కాసేపటికి దానంతటదే వచ్చింది’ అన్న దగ్గర ఆగి, “ఎంతసేపటికమ్మా?” అని అడిగారు. పాలు కాచి, దీపాలు పెట్టి వచ్చేసరికి అన్నాను. నవ్వారు. “ఆయ్, అయితే ఇరవై నిమిషాలు పైనే.”

ముందు ర్యామ్‌లు రెండూ తీసేసి, బోర్డుకి చిన్న బజ్జర్ తగిలించారు. ఈ కాలం క్యాబినెట్లలో అది రాదట, అందుకే మనకి బీప్ వినపడదు. ర్యామ్ లేకుండా ఆన్ చేస్తే బతికున్న బోర్డు గోల పెట్టాలి. మాది ఆన్ చేస్తే ఫ్యాన్ తిరిగింది, బజ్జర్ నోరు మెదపలేదు. “దీన్ని చూసే బోర్డు పోయిందని ఉంటారు” అన్నారు. తర్వాత మా ఎస్ఎంపీఎస్ కనెక్టర్లు రెండూ, ఇరవై నాలుగు పిన్నుల పెద్దదీ, ప్రాసెసర్ పక్కన ఉండే చిన్నదీ తీసేసి తన బల్ల మీది ఎస్ఎంపీఎస్ పెట్టారు. బటన్ నొక్కారు.

బజ్జర్ పొడుగ్గా అరిచింది. అంత చెవులు చిల్లులు పడే చప్పుడు అంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు. ర్యామ్ పెట్టగానే చిన్నగా ఒక్క బీప్, తెర మీద కంపెనీ లోగో.

నేను అడక్కుండానే మా ఎస్ఎంపీఎస్ మళ్ళీ తగిలించి, మల్టీమీటర్‌తో చూపించారు. 12 ఓల్టుల పసుపు వైరులో 11.2 ఉంది, 11.4 కంటే తగ్గకూడదు. 5 ఓల్టుల ఎర్ర వైరులో 4.6, కనీసం 4.75 ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం బూడిద రంగు వైరు. ఓల్టేజీలన్నీ సరిగ్గా నిలబడ్డాక ఎస్ఎంపీఎస్ ఆ వైరులో 5 ఓల్టులు పంపుతుంది, మామూలుగా అర సెకను లోపే. పవర్ గుడ్ అంటారు. అది వచ్చేదాకా బోర్డు ప్రాసెసర్‌ని మొదలుపెట్టనివ్వదు. ఫ్యాన్‌కి ఆ అనుమతితో పనిలేదు, అందుకే తిరుగుతూ ఉంటుంది. మాది ఆ వైరులో సున్నా చూపించింది. వేడెక్కాక లోపలి కెపాసిటర్లు (కరెంటుని కాస్త నిల్వచేసి నిలకడగా ఉంచే చిన్న డబ్బాలు) కాస్త కోలుకుంటాయి, ఓల్టేజీ నిలబడుతుంది, అప్పుడు ఆ 5 ఓల్టులు వస్తాయి, కంప్యూటర్ దానంతటదే లేస్తుంది. నవంబర్ చలికి పొద్దున్నే మరీ మొరాయించిందన్నమాట. మరి రాజోలులో తీగ పెడితే తిరిగిందిగా అంటే, “బరువు మోయకుండా ఎవరైనా నిలబడతారమ్మా” అన్నారు. ఆ పరీక్షలో ఎస్ఎంపీఎస్ అసలు ఆన్ అవుతుందో లేదో తెలుస్తుంది గానీ, లోడ్ పడ్డాక ఓల్టేజీ ఎంత ఇస్తుందో తెలియదు.

మూత విప్పి లోపల కూడా చూపించారు. కెపాసిటర్ తల చదునుగా ఉండాలి, మీద గీతలు ఉంటాయి. రెండు పొడుగు కెపాసిటర్ల తలలు ఆ గీతల దగ్గర ఉబ్బి ఉన్నాయి, ఒకదాని మీద గోధుమరంగు ద్రవం కారి గట్టిపడింది. పక్కన అడుగున కనిపించే పసుపు జిగురు లీకు కాదని, కంపెనీవాళ్ళు కదలకుండా వేసేదేనని చెప్పారు. నేను దగ్గరికి వంగబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ప్లగ్గు తీసినా పెద్ద కెపాసిటర్లలో మూడు వందల ఓల్టుల పైన చార్జి మిగిలి ఉండొచ్చు. ఎస్ఎంపీఎస్ మూత మాత్రం ఇంట్లో ఎవరూ విప్పొద్దని ఆయన మాట.

కెపాసిటర్లు మార్చొచ్చా అంటే మార్చొచ్చు, 250 అవుతుంది, కానీ పదేళ్ళ సరుకు, మిగతావి రేపు పోతాయి అన్నారు. కొత్తది 1,150, ఆయన కూలి 200. ఇంకో వంద తీసుకోండి అంటే తీసుకోలేదు.

ఇంటికొచ్చి బిగించాక ఇంకో చిన్న షాక్. ఆన్ చేయగానే ఇంగ్లీషులో ఏదో ఎర్రర్, ఎఫ్1 నొక్కమని. నొక్కితే విండోస్ వచ్చింది గానీ జీఎస్టీ పోర్టల్ తెరుచుకోలేదు, మీ గడియారం వెనకబడి ఉందంది బ్రౌజర్. చూస్తే తేదీ ఏళ్ళ వెనక్కి పోయి ఉంది. బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032, మలికిపురంలో 40 రూపాయలు. పాతది గోటితో పక్కకి లాగితే వచ్చేసింది, కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా నొక్కి, తేదీ సరిచేస్తే పోర్టల్ తెరుచుకుంది.

ఆటోలు, పెట్రోలుతో సహా మొత్తం మూడు వేలకి అటూ ఇటూ అయింది. 20న 3బీ (నెల పన్ను లెక్క) రిటర్నులు ఈ కంప్యూటర్ మీదే వేశాను. కన్వర్టర్ దండగ కాలేదు, మా ఆయన పాత కంప్యూటర్ డిస్కు ఒకటి అటక మీద ఉంటే దించి, దాంతో పెట్టి టాలీ డేటా రోజూ అందులోకి కాపీ చేస్తున్నాను. విండోస్ 10 సంగతి ఇంకా తేలలేదు. యూపీఎస్ బ్యాటరీ కూడా మార్చాలని అమలాపురం పెద్దాయన చెప్పారు, 12 ఓల్టులు 7 ఏహెచ్‌ది. సంక్రాంతికి మా ఆయన వస్తున్నారు, అప్పుడు చూస్తాం.